ఉదాహరణకి కొల్లేరు

లక్ష్మీకాంతం ఆ కాగితాన్ని కొంగు చివర ముడేసి తెచ్చింది. దెందులూరు దగ్గర హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. పిల్లల భోజనాలయ్యాక గిన్నెలు కడిగి బోర్లించి, స్టాఫ్ రూములో రాజ్యలక్ష్మి టీచరు ఒక్కతే ఉండడం చూసి గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మగారూ, తీరికగా ఉన్నారాండీ?"

"రా లక్ష్మీకాంతం. ఏమిటి సంగతి?"

"మీరు ఇంగ్లీషు టీచరుగారు కదండీ. ఢిల్లీ సంగతులు మీకైతే తెలుస్తాయని..." అంటూ ముడి విప్పి, నాలుగు మడతల కాగితం బల్ల మీద పరిచింది. "మా పుట్టిల్లు కొల్లేటికోట అండీ. మా తమ్ముడు చిట్టిబాబు పంపించాడు. కొత్త చట్టమంట, లంకల్లో ఊళ్ళన్నీ ఖాళీ చేయించేస్తారంట. మా అమ్మ రెండ్రోజుల్నుంచీ అన్నం ముట్టట్లేదండీ. ఇది నిజమేనాండీ?"

మొదటి వాక్యం చదవగానే రాజ్యలక్ష్మి గుర్తుపట్టింది. ఆ వాక్యం ఆమెదే. కింద ఉన్నదంతా ఆమె రాసిందే.

ఆ నెలంతా దేశంలో ఎక్కడ చూసినా ఆ బిల్లు గొడవే. జాతీయ భద్రత పరిరక్షణ బిల్లని పేరు. పార్లమెంటు కమిటీ ప్రజల అభిప్రాయాలు అడిగి రెండు నెలలు గడువు పెట్టింది. ఏలూరులో ఒకరోజు జెండాలు పట్టుకుని "దేశం ముందు, మనం తరవాత" అంటూ ఊరేగింపు పోతే, మర్నాడు లాయర్లు నల్ల బాడ్జీలు పెట్టుకుని కోర్టు ముందు కూర్చున్నారు. ఇదే స్టాఫ్ రూములో సోషల్ మాస్టారు కృష్ణమోహన్‌కీ లెక్కల మాస్టారికీ మాటా మాటా పెరిగి, ఇద్దరూ వేరు వేరు బల్లల దగ్గర కూర్చుని కారియర్లు విప్పుకుంటున్నారు. అంత గొడవలోనూ బిల్లులో అసలేముందో చదివినవాళ్ళు తక్కువ. అది ఇరవై రెండు పేజీల ఇంగ్లీషు.

తాడేపల్లిగూడెంలో నిత్యానందం గారని రిటైరైన పోస్టుమాస్టరు ఉన్నారు. రాజ్యలక్ష్మి నాన్నగారికి స్నేహితుడు. ఆమె పుట్టి పెరిగిందీ గూడెంలోనే కాబట్టి ఆయన్ని బాబాయ్ గారూ అని పిలుస్తుంది. తన ఇంటి ముందు గదిలోనే నలుగురూ కూర్చుని పేపర్లు చదువుకునేలా ఒక చదువుల గది నడుపుతున్నారాయన. "అమ్మా రాజ్యం, అవునన్నా కాదన్నా ముందు చదివి అనాలి కదా. కాస్త తెలుగులో పెట్టి ఇద్దూ. నీ పేరు బయటికి రానివ్వను" అని అడిగారు. కాదనలేకపోయింది. వారం రోజులు స్కూలు నుంచి వచ్చాక కూర్చుని, పొడుగు నోటుపుస్తకంలో తెలుగు చేసింది. సొంత అభిప్రాయం ఒక్కటి కూడా చేర్చలేదు. నిత్యానందం గారు ఏలూరులో ఆమె ఇంటికి వచ్చి, నోటుపుస్తకానికి జిరాక్సు తీయించుకుని పట్టుకెళ్ళారు. గూడెంలో పెళ్ళి శుభలేఖలూ వ్రతాల కరపత్రాలూ కొట్టే ఇందిర గారి డీటీపీ షాపులో టైపు చేయించి రెండు వందల కాపీలు పంచారు.

ఆ కాపీల్లో ఒకటి ఇప్పుడు ఆమె ముందే ఉంది. ఏడో సెక్షను దగ్గర ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీశారు.

"భద్రతా కారణాల దృష్ట్యా కేంద్ర ప్రభుత్వం ఏ ప్రాంతాన్నైనా (ఉదా: కొల్లేరు లంకలు) రక్షిత ప్రాంతంగా ప్రకటించి, అక్కడి నివాసులను తరలించవచ్చు."

బిల్లులో కొల్లేరు లేదు. ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

"నిజమేనాండీ?" అని లక్ష్మీకాంతం మళ్ళీ అడిగింది.

ఆ క్షణంలో రాజ్యలక్ష్మి చెప్పాల్సిన మాట చాలా చిన్నది. ఇది తప్పు, బిల్లులో మీ ఊరి పేరు లేదు అంటే చాలు. కానీ ఆ మాట వెనకాలే మీకెలా తెలుసండీ అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెబితే ఊరంతా తెలుస్తుంది. ప్రభుత్వ ఉద్యోగి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు.

"నాకేం తెలీదు లక్ష్మీకాంతం. నేను చదవలేదు" అంది.

లక్ష్మీకాంతం మొహం వాడిపోయింది. కాగితం మడిచి మళ్ళీ ముడేసుకుంది. "అంతేలెండి, పెద్ద విషయాలు" అని వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే రాజ్యలక్ష్మి చెప్పులు విడిచి, కాళ్ళైనా కడుక్కోకుండా బీరువా తెరిచింది. నోటుపుస్తకంలో ఏడో సెక్షను తీసింది. ఇందిరే ఏదో కలిపి ఉంటుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. కాదు. "ఏ ప్రాంతాన్నైనా" అన్న మాట పక్కన పెన్సిలుతో, చిన్నగా, తన చేత్తోనే రాసి ఉంది: "ఉదా: కొల్లేరు లంకలు?"

గుర్తొచ్చింది. వాక్యం సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి రాసుకుంది. ఏ వాక్యానికైనా ఒక ఉదాహరణ వేసి చూస్తే అర్థం తేలిపోతుందని పిల్లలకి రోజూ చెప్పే మాటే. తరవాత రబ్బరుతో చెరపడం మరిచిపోయింది. జిరాక్సులో పెన్సిలూ సిరా ఒకే నలుపు. ఇందిర కనిపించింది కనిపించినట్టు కొట్టింది. ప్రశ్న గుర్తు మాత్రం ఎక్కడో రాలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా కైకలూరు రోడ్డు మీద పడవలు అడ్డం పెట్టారని తెలిసింది. ఇరవై ఏళ్ళ కిందట ప్రభుత్వం చేపల చెరువుల గట్లు పేల్చిన చప్పుడు విన్న ఊళ్ళవి. ఖాళీ చేయిస్తారన్న మాట వాళ్ళకి పుకారులా వినిపించలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకొచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. నచ్చజెప్పడానికి వచ్చిన రెవెన్యూ జీపు మీద ఎవరో రాయి విసిరారు. అద్దం పగిలి, లోపలున్న అటెండరు తల చిట్లింది. పధ్నాలుగు మందిని పట్టుకెళ్ళారు. వాళ్ళలో చిట్టిబాబు ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆమె భర్త శ్రీరామచంద్ర గృహప్రవేశం చేయించి వచ్చి, కండువా దండెం మీద వేస్తూ టీవీ పెట్టాడు. దొంగ అనువాదంతో ప్రజల్ని రెచ్చగొట్టిన ముఠా ఎవరు, అని అడుగుతున్నారందులో. ఇందిర షాపులో దొరికిన జిరాక్సు కాగితాన్ని తెర నిండా చూపించారు. గుండ్రటి అక్షరాలు, పొడుగాటి కొమ్ములు.

ఆయన కండువా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ సరుకుల చీటీలూ మందుల పేర్లూ ఆ చేతిరాతలోనే చదువుతున్న మనిషి.

"రాజ్యం," అన్నాడు నెమ్మదిగా, "ఇది నీ దస్తూరీ కదుటే?"

ఆమె ఉన్నదంతా చెప్పింది. ఆయన వింటూ వింటూ లేచి వీధి తలుపు గడియ వేసి వచ్చాడు. అప్పటికింకా ఆరు కాలేదు.

"ఆ పుస్తకం ఉంచకూడదే. తమ్మిలేరులో కలిపేద్దాం."

"చింపేసి పొయ్యిలో పెడితే పోలేదా అండీ?"

"అక్షరాన్ని కాలుస్తావా? తప్పు. నీళ్ళలో అయితే దోషం లేదు."

"తమ్మిలేరులో ఇప్పుడు నీళ్ళెక్కడున్నాయండీ? ఇసకే."

అంత భయంలోనూ ఇద్దరికీ ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఆ బిల్లులో తెలిసీ చెప్పకపోతే నేరమని కూడా ఏదో ఉందన్నావు?"

"తొమ్మిదో సెక్షను. తెలిసినవారు గానీ, తెలిసి ఉండవలసినవారు గానీ, సమాచారం ఇవ్వకపోతే మూడేళ్ళు."

"అయితే నాకిప్పుడు తెలిసినట్టేగా?"

"అది ఇంకా చట్టం కాలేదండీ. బిల్లు."

"కాకపోతేనేం? నేను అప్పుడే తలుపు గడియ వేసేశాను" అన్నాడాయన.

శుక్రవారం స్కూలుకి వెళ్ళింది. మానేస్తే అనుమానం వస్తుందేమోనని భయం, వెళ్తే మొహంలో తెలిసిపోతుందేమోనని భయం. పదో తరగతి గదిలో బోర్డు మీద తేదీ వేయడానికి సుద్దముక్క తీసుకుని ఆగిపోయింది. వెనక ముప్పై ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. రోజూ ఆ అక్షరాలు చూసి రాసుకునే పిల్లలు. ఇరవై ఆరేళ్ళలో ఈ చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళలో ఎంతమంది చూసి ఉంటారు ఆ కొమ్ముల్ని? ఆ రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు. పాఠం నోటితోనే చెప్పింది. క్లాసులో ఎవరూ అల్లరి చేయలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకి టీవీ కంటే భయంకరంగా తోచింది.

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు ఫోనులో అదే వార్త పెట్టారు. కృష్ణమోహన్ లేచొచ్చి తెర మీద కాగితాన్ని చూశాడు. తరవాత రాజ్యలక్ష్మి బల్ల మీద తెరిచి ఉన్న, ఆమె రాసిన హాజరు పట్టీ వైపు చూశాడు. బిల్లు రావాల్సిందేనని నెల రోజులుగా వాదిస్తున్న మనిషి. ఆ పట్టీని మూసి, ఆమె వైపు చూడకుండానే సొరుగులో పెట్టేశాడు.

"ఆపండి మాస్టారూ. తినేటప్పుడు కూడా అదేనా?" అన్నాడంతే.

లక్ష్మీకాంతం పనిలోకి రాలేదు. వంట ఇంకెవరో చేశారు.

ఆ సాయంత్రం గూడెం నుంచి ఫోను వచ్చింది. నిత్యానందం గారి కోడలు విజయదుర్గ. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతోంది.

"అక్కా, మావయ్యగారిని పొద్దున్నే జీపులో ఎక్కించుకుపోయారండీ. ఏలూరు తీసుకెళ్ళారట. ఎవరు రాశారో చెప్పమంటే చెప్పనంటున్నారట. ఆయనకి షుగరండీ. మాత్రలు కూడా..."

అవతల మాట తెగిపోయింది. విజయదుర్గకి అసలు సంగతి తెలుసో తెలియదో అర్థం కాలేదు. తెలియకపోతే తనకే ఎందుకు చేసింది? తెలిస్తే అడగదేం?

ఆ రాత్రి ఇద్దరిలో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. నిత్యానందం గారిని ఉంచిన స్టేషను వాళ్ళ వీధికి నాలుగు వీధుల అవతల ఉంది. పొద్దున్నే రాజ్యలక్ష్మి తల దువ్వుకుని, నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది. శ్రీరామచంద్ర అడ్డం నిలబడ్డాడు.

"ఆయనే చెప్పట్లేదు కదే. నువ్వు వెళ్ళి తల ఎందుకు దూర్చడం? రెండ్రోజుల్లో వదిలేస్తారు. డెబ్భై రెండేళ్ళ ముసలాయన్ని ఏం చేసుకుంటారు?"

"అది మీరు నమ్ముతున్నారా అండీ?"

ఆయన గుమ్మంలోంచి పక్కకి జరగలేదు. ఆమెకి, ఆయన ఇంకొక్కసారి వద్దంటే ఆగిపోదామనే ఉంది. మనసులో ఒక మూల, అనాలనీ ఉంది. ఆయన మాత్రం చొక్కా తొడుక్కుని చెప్పులేసుకున్నాడు.

స్టేషనులో బల్ల మీద నిత్యానందం గారు కూర్చుని ఉన్నారు. గడ్డం మాసి, ఒళ్ళో కోడలు పంపిన మాత్రల సంచి పెట్టుకుని. రాజ్యలక్ష్మిని చూడగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. వెంటనే తల తిప్పేసుకున్నారు.

"ఎవరమ్మా మీరు? సీఐ గారి గది అటు" అన్నారు, ముక్కూ మొహం తెలియనట్టు.

"బాబాయ్ గారూ" అంది ఆమె.

ఆయన కళ్ళు మూసుకుని తల గోడకి ఆనించారు.

సీఐ పేరు గోపీచంద్. నలభై ఏళ్ళుంటాయి. చాలా మర్యాదగా కుర్చీ చూపించి టీ చెప్పాడు. ఆ టీ ఆమె ముట్టుకోలేదు. నోటుపుస్తకం బల్ల మీద పెట్టి, పెన్సిలు రాతా జిరాక్సూ టైపూ, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"ఎవరు రాయించారు మేడం?"

"రాయించడం అంటూ ఏమీ లేదండీ. నలుగురూ చదువుకుంటారని బాబాయ్ గారు అడిగారు. నేను తెలుగు చేశాను."

"మరి కొల్లేరు ఎందుకు రాశారు?"

"ఉదాహరణకండీ. వాక్యం అర్థం సరిచూసుకోవడానికి."

"ఉదాహరణకి ఏలూరు రాయొచ్చు. దెందులూరు రాయొచ్చు. మీ మనసులోకి కొల్లేరే ఎందుకొచ్చింది?"

ఎందుకొచ్చింది? ఆమెకి నిజంగానే తెలియదు. ఖాళీ చేయించడం అన్న మాట రాస్తుంటే చెయ్యి దానంతటదే ఆ పేరు రాసింది. మనసులోకి వచ్చినదానికి సంజాయిషీ ఎలా ఇవ్వాలో ఇరవై ఆరేళ్ళ వ్యాకరణంలో ఎక్కడా లేదు.

"తెలియదండీ" అంది.

"తెలియదు" అని ఆయన కాగితం మీద రాసుకున్నాడు. "అటెండరుకి ఏడు కుట్లు పడ్డాయి మేడం. ఆయనకీ ఇద్దరు పిల్లలున్నారు."

ఆ మాటకి మాత్రం ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముందు రోజే ఒకావిడ ఆ కాగితం తెచ్చి నన్నడిగిందండీ, నిజమేనా అని. నాకు తెలీదన్నాను. భయపడి అబద్ధం చెప్పాను. అదీ రాసుకోండి."

గోపీచంద్ పెన్ను ఆపి ఆమె వైపు చూశాడు. "అది రాయను. అది మీకే మంచిది కాదు" అన్నాడు. జాలో, ఇంకేదైనా లెక్కో ఆమెకి అర్థం కాలేదు. వాంగ్మూలం మీద నాలుగు సంతకాలు పెట్టించుకుని, నోటుపుస్తకం, ఫోను తీసేసుకున్నాడు. పిలిచినప్పుడల్లా రావాలన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి నిత్యానందం గారిని వదిలేశారు. బయట శ్రీరామచంద్ర ఆటో పిలిచి ఆయన్ని ఎక్కిస్తుంటే, ఆ పెద్దాయన రాజ్యలక్ష్మి చెయ్యి పట్టుకుని, "నా మాట నిలబెట్టుకోనివ్వలేదేమమ్మా" అన్నారు. అభిమానమో కోపమో తెలియని గొంతు. ఆ తరవాత ఆయన చదువుల గది తెరవలేదు.

సోమవారం సస్పెన్షన్ ఉత్తర్వు చేతికొచ్చింది. విచారణ తేలేవరకూ అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు (అంటే ఏలూరు) విడిచి వెళ్ళరాదని చివరి వాక్యం. బుధవారం ఒక పెళ్ళివారు ఫోను చేసి, "పంతులుగారూ, ఏమీ అనుకోకండీ, మా వాళ్ళు వేరే ఆయన్ని మాట్లాడేశారు" అన్నారు. ఆ నెలలో అలాంటివి మూడు వచ్చాయి. శ్రీరామచంద్ర ఒక్కదానికీ ఆమెని ఏమీ అనలేదు. తలుపు గడియ మాత్రం మధ్యాహ్నం పూట కూడా వేస్తున్నాడు.

పన్నెండు రోజులకి చిట్టిబాబుకి బెయిలొచ్చింది. ఆ మర్నాడు లక్ష్మీకాంతం ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ రోజు మీకు తెలుసంటండీ. స్కూల్లో అందరూ అనుకుంటున్నారు. నిజమేనాండీ?"

"తెలుసు లక్ష్మీకాంతం."

"తెలిసీ తెలీదన్నారా?"

"భయపడ్డాను."

"మా వోణ్ణి లోపల కొట్టలేదంట లెండి. కానీ పడుకుని ఉలిక్కిపడి లేస్తున్నాడండీ." లక్ష్మీకాంతం కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడైనా వచ్చి మావాళ్ళకి చెప్పండమ్మగారూ. టీవీలో ఎన్ని చెప్పినా నమ్మట్లేదు. రాసినావిడే చెబితే నమ్ముతారు."

కొల్లేటికోట హెడ్‌క్వార్టర్సులోకి రాదు. అనుమతి అడుగుతూ రాజ్యలక్ష్మి ఉత్తరం పెట్టింది. వారమైనా జవాబు రాలేదు. అభిప్రాయాల గడువు ఇంకా మూడు రోజులుంది. ఇక ఆగలేక ఆదివారం పొద్దున్న బస్సెక్కింది. వంతెన మీద పోలీసు జీపు కనిపించినప్పుడు తల వంచుకుని చెప్పులు సవరించుకుంది.

పంచాయతీ అరుగు మీద అరవై మంది దాకా చేరారు. ముందు వరసలో చిట్టిబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిడతారనుకుంది. కొడతారేమో అని కూడా అనుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఉదా అన్న మాట తనదేననీ, పొరపాటుగా అచ్చయిందనీ చెప్పి క్షమించమంది. బ్రాకెట్టు తీసేసి ఏడో సెక్షను చదివి వినిపించింది.

ఒక పెద్దావిడ అడిగింది, "అయితే మా ఊరి పేరు లేదా అమ్మా ఇందులో?"

"లేదండీ."

అందరిలోనూ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. అప్పుడు చిట్టిబాబు మొదటిసారి నోరు విప్పాడు.

"ఏ ప్రాంతాన్నైనా అని ఉంది కదండీ?"

"ఉంది."

"మరి అందులో మేం లేమా?"

ఆమె లేరు అనలేకపోయింది. ఉన్నారు అని కూడా అనలేకపోయింది. "ఏ ఊరైనా కావచ్చు. ఏదీ కాకపోనూవచ్చు. అది వాళ్ళిష్టం" అంది చివరికి. ముందున్న భయం ఏ ఊరిదో తెలిసిన భయం. ఇది అలా లేదు.

ఆ తరవాత మూడు గంటలు కూర్చుని, కమిటీకి పంపడానికి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాసిచ్చింది. నలభై ఒక్క మంది సంతకాలో వేలిముద్రలో వేశారు. మిగతావాళ్ళు వేయకుండానే వెళ్ళిపోయారు. అనువాదం చేసినవారి పేరు దగ్గర తన పేరు పూర్తిగా రాసింది. రాస్తుంటే గుంపు వెనక ఎవరో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నారు. ఊరివాడో కాదో ఎవరికీ తెలియలేదు. అడగడానికి లక్ష్మీకాంతం అటు వెళ్ళేలోపు ఆ మనిషి బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు.

ఉత్తరం రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. బిల్లు ఇంకా కమిటీ దగ్గరే ఉందట. సస్పెన్షన్ తేలలేదు. హెడ్‌క్వార్టర్సు దాటినందుకు మరో మెమో వచ్చింది. ఆ ఆదివారం తేదీ, ఎక్కిన బస్సు వేళ, దిగిన వేళ అన్నీ అందులో సరిగ్గానే ఉన్నాయి. రాజ్యలక్ష్మి దాన్ని రెండుసార్లు చదివి, శ్రీరామచంద్రకి అందించింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, వీధి వైపు చూశాడు.

"బస్సులో నీ పక్కన ఎవరు కూర్చున్నారే?" అన్నాడు.

ఆమెకి ఎంత ఆలోచించినా ఆ మొహం గుర్తు రాలేదు.